వరి మడులలో, పంట కుంటలలో నాచు: నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాలలో మైలుతుత్తానికి ముందు చూడవలసిన లెక్క

ఉపోద్ఘాతం

కర్నూలు–కడప కాలువకు నీరు వచ్చి, నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాలలో వరి నాట్లు పూర్తయిన రెండు మూడు వారాలకు రైతులు విస్తరణ శాస్త్రవేత్తల ముందుకు తెచ్చే సమస్యలలో నాచు ఒకటి. మడి నిండా పాచి పట్టిందని, గాలికి అది ఒక మూలకు చేరి లేత పైరును వంచేస్తున్నదని, ఏదైనా మందు చెప్పమని అడుగుతారు. వేసవి సమీపించే కొద్దీ ఇదే ప్రశ్న పంట కుంటల నుండి, బిందు సేద్యపు పైపుల నుండి వస్తుంది. ఈ రెండు సందర్భాలలోనూ వెంటనే స్ఫురించే సమాధానం మైలుతుత్తం.

ఆ సమాధానం తప్పు కాదు, అయితే అసంపూర్ణం. మైలుతుత్తం చల్లిన మడిలో నాచు తెల్లబడి, కొన్ని రోజులకు మళ్ళీ పచ్చగా తేలడం చాలామంది రైతులకు అనుభవమే. మోతాదు చాలలేదని భావించి రెండవసారి ఎక్కువగా చల్లడం, మూడవసారి మందు నాణ్యతను అనుమానించడం జరుగుతుంది. లోపం మందులో గాని, రైతులో గాని లేదు. నాచు అనేది నీటిలో చేరిన పోషకాలకు, దానిపై పడే వెలుతురుకు, కదలిక లేని నీటికి ఫలితం. ఆ మూడూ అలాగే ఉన్నంత కాలం చంపిన నాచు స్థానంలో కొత్త నాచు పుడుతూనే ఉంటుంది. పైగా ఈ ప్రాంతపు నీటి స్వభావం మైలుతుత్తం పనిచేసే వ్యవధిని మరింత కుదిస్తుంది. ఈ రెండు విషయాలను వివరించి, వరి మడికి, పంట కుంటకు, బిందు సేద్యానికి వేర్వేరుగా ఆచరణ క్రమాన్ని సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నేల, నీరు: స్థానిక నేపథ్యం

నల్లమల కొండలకు పడమరగా కుందూ నది పరీవాహకంలో విస్తరించిన ఈ మైదానం కింద ఉన్న శిలలకు భూగర్భ శాస్త్రంలో స్థానిక నామాలే ఉన్నాయి. కర్నూలు శిలా సముదాయంలో పై పొరలైన కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్ ఈ ప్రాంతపు పేర్లనే ధరించాయి. సున్నపురాయి మీదుగా, సున్నం కలిసిన నల్లరేగడి గుండా పయనించే నీటిలో కాల్షియం, బైకార్బొనేట్లు కరిగి ఉండడం సహజం. అందువల్ల ఇక్కడి బోరు నీటిలో కఠినత్వం, క్షారత్వం హెచ్చుగా ఉండే అవకాశం ఎక్కువ.

కాలువ నీటి పరిస్థితి కొంత వేరు. మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 19వ శతాబ్దంలో తవ్వించగా 1882లో ప్రభుత్వం స్వాధీనం చేసుకున్న కర్నూలు–కడప కాలువ, సుంకేసుల వద్ద తుంగభద్ర నీటిని మళ్ళించుకొని వస్తుంది. పై మడి నుండి కింది మడికి, ఒక తూము నుండి మరొక తూముకు పారుతూ వచ్చే నీరు దారిలోని ఎరువుల అవశేషాలను, పశువుల పేడను, ఊరి మురుగును కలుపుకుంటుంది. ఆయకట్టు చివరి రైతుకు అందే నీరు కొలతలో తక్కువ, పోషకాలలో ఎక్కువ. నాచు ఫిర్యాదును విచారించేటప్పుడు ఆ మడి కాలువకు ఎంత దూరంలో ఉన్నదో ముందుగా తెలుసుకోవాలని చెప్పడానికి కారణం ఇదే.

ముందుగా గుర్తింపు

నీటిపై కనిపించే పచ్చదనమంతా ఒకటి కాదు. కర్ర ఒకటి నీటిలో ముంచి పైకి తీస్తే చాలావరకు తేడా తెలుస్తుంది. వెంట్రుకల వలె జడలుగా వేలాడితే అది పోగు నాచు. స్పైరోగైరా, పిథోఫోరా, హైడ్రోడిక్టియాన్ వంటివి ఈ కోవకు చెందుతాయి. స్పైరోగైరా చేతికి జారుడుగా, పిథోఫోరా గరుకైన నూలు వలె తగులుతుంది. హైడ్రోడిక్టియాన్ సన్నని వల ఆకారంలో ఉంటుంది. కర్రకు ఏమీ చిక్కకుండా రంగు కలిపినట్లు అంటుకుంటే నీటిలో తేలియాడే సూక్ష్మ నాచుగా భావించవచ్చు. గాజు సీసాలో అటువంటి నీటిని నింపి కదలకుండా ఉంచితే, మైక్రోసిస్టిస్ వంటి నీలి ఆకుపచ్చ నాచు పైకి తేలి పొరగా ఏర్పడుతుంది. సాధారణ ఆకుపచ్చ నాచు నెమ్మదిగా అడుగుకు చేరుతుంది.

చారా అనే నాచు మొక్కను పోలి అడుగున వేళ్ళూనినట్లు కనిపిస్తుంది. కఠిన జలాలలో దాని ఒంటిపై సున్నం పేరుకుంటుంది కనుక నలిపితే కరకరలాడుతుంది, వెల్లుల్లిని తలపించే వాసన వస్తుంది. ఈ సున్నపు పూత మందును దాని కణాలకు చేరనీయదు. అజొల్లా నాచు కాదు, నీటిపై తేలే ఫెర్న్ జాతి మొక్క. వరికి మేలు చేసేది. ఇనుము ఆక్సీకరణం చెంది నీటిపై ఏర్పడే ఎర్రని నూనె వంటి పొరను కూడా పాచిగా పొరబడడం కద్దు. కర్రతో కదిలిస్తే ఆ పొర ముక్కలుగా పగులుతుంది. ఈ రెండింటికీ మైలుతుత్తంతో పని లేదు.

ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. అనబీనా, నాస్టాక్, ఆలోసైరా వంటి నీలి ఆకుపచ్చ నాచులు గాలిలోని నత్రజనిని స్థిరీకరిస్తాయి. వరి మళ్ళలో ఈ ప్రక్రియ ప్రాముఖ్యాన్ని పి.కె. డే 1939లోనే నిరూపించారు. అనుకూల పరిస్థితులలో ఇవి హెక్టారుకు ఒక పంట కాలంలో 20 నుండి 30 కిలోల నత్రజనిని అందించగలవు. రాగి పట్ల ఇవే ఎక్కువ సున్నితమైనవి. పిథోఫోరా వంటి ముదురు పోగు నాచు తట్టుకొని నిలుస్తుంది. గుర్తింపు లేకుండా చల్లిన మైలుతుత్తం మిత్రుని ముందుగా చంపి శత్రువుకు చోటు కల్పిస్తుంది.

చిన్న గాజు తొట్టె నేర్పే పాఠం

నాచు సిద్ధాంతాన్ని విద్యార్థులకు బోధించడానికి సముద్రపు చేపలను పెంచే చిన్న గాజు తొట్టె కంటే స్పష్టమైన నమూనా దొరకదు. వంద లీటర్ల ఉప్పు నీరు, కొన్ని చేపలు, పగడపు జీవులు, పైన దీపం ఉండే ఆ తొట్టెలోకి పోషకాలు ప్రవేశించే ద్వారాలు రెండే: చేపలకు వేసే మేత, పోసే నీరు. మేతలోని నత్రజని, భాస్వరం చేపల విసర్జన ద్వారా నీటిలో చేరి నైట్రేటుగా, ఫాస్ఫేటుగా నిలుస్తాయి. కొన్ని వారాలకే రాళ్ళ మీద, గాజు మీద నాచు పెరుగుతుంది.

ఆ తొట్టెలో మైలుతుత్తం వాడే వీలు లేదు. రాగి స్వల్ప మోతాదులోనే పగడాలను, రొయ్యలను, నత్తలను చంపుతుంది. కనుక పెంపకందారుడు కారణాల వైపే చూడవలసి వస్తుంది. మేత తగ్గిస్తాడు, లవణాలు తొలగించిన శుద్ధ జలంతో ఉప్పు నీరు తయారు చేసుకుంటాడు, కొంత పాత నీటిని క్రమం తప్పక మారుస్తాడు, దీపం వెలిగే గంటలు కుదిస్తాడు, ఫాస్ఫేటును పీల్చుకునే ఇనుప ఆక్సైడు గుళికలు వాడతాడు, నాచును మేసే నత్తలను విడుస్తాడు. కొందరు పక్క అరలో కీటోమార్ఫా అనే నాచును కావాలనే పెంచి, అది పీల్చుకున్న పోషకాలతో సహా కోసి బయట పారవేస్తారు. చేతితో తీసివేసిన ప్రతి పిడికెడు నాచు తొట్టె నుండి వెళ్ళిపోయిన నత్రజని, భాస్వరమే.

వరి మడి, పంట కుంట ఈ తొట్టెకు పెద్ద రూపాలు. మేత స్థానంలో ఎరువు, దీపం స్థానంలో రాయలసీమ ఎండ ఉన్నాయి. తేడా ఒక్కటే: మడిలో మైలుతుత్తం అందుబాటులో ఉన్నది. ఆ అందుబాటే కారణాల వైపు చూడనీయకుండా చేస్తున్నది.

వరి మడిలో నష్టం ఎక్కడ

నాచు వరిని మూడు విధాల దెబ్బతీస్తుంది. లేత నారును కప్పి వెలుతురు అందకుండా చేస్తుంది. నీరు తగ్గినప్పుడు చాప వలె మొక్కలపై కూర్చొని వాటిని బురదలోకి వంచుతుంది. ఈ రెండూ కంటికి కనబడేవి. మూడవది కనబడదు, కానీ ఖర్చుతో కూడినది.

పగటి పూట నాచు కిరణజన్య సంయోగక్రియ కోసం నీటిలోని కార్బన్ డయాక్సైడును వాడుకుంటుంది. దానితో మడి నీటి ఉదజని సూచిక మధ్యాహ్నానికి 9 దాటవచ్చు. రాత్రి శ్వాసక్రియ వల్ల తిరిగి తగ్గుతుంది. నీటిలోని అమ్మోనియం ఎంత భాగం అమ్మోనియా వాయువుగా మారుతుందో నిర్ణయించేది ఈ సూచికే. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉదజని సూచిక 7 ఉంటే ఆ భాగం ఒక శాతానికి లోపు. 8 ఉంటే సుమారు 7 శాతం. 9 ఉంటే సుమారు 45 శాతం. పచ్చగా నాచు పట్టిన నిలువ నీటిలో యూరియా చల్లితే, కరిగి అమ్మోనియంగా మారిన నత్రజనిలో పెద్ద భాగం గాలిలో కలిసిపోవడానికి సిద్ధంగా ఉంటుంది. పైరు పచ్చబడలేదని రైతు మరొక విడత యూరియా వేస్తాడు. నాచు వల్ల కలిగే అసలు నష్టం చాలాసార్లు ఎరువుల దుకాణపు బిల్లులో దాగి ఉంటుంది.

ఒకే మడిలో ఉదయం 6 గంటలకు, మధ్యాహ్నం 2 గంటలకు ఉదజని సూచికను కొలిచి చూపితే ఈ విషయం రైతుకు, విద్యార్థికి ఏ ఉపన్యాసం కంటే బాగా అర్థమవుతుంది.

భాస్వరపు లెక్క

నీటిలో నాచు పెరుగుదలను అదుపు చేసే పోషకాలలో భాస్వరం ముఖ్యమైనది. నత్రజని కొరవడితే నీలి ఆకుపచ్చ నాచు గాలి నుండి తెచ్చుకోగలదు. భాస్వరానికి అటువంటి మార్గం లేదు.

ఒక బస్తా డీఏపీని లెక్కలోకి తీసుకుందాం. 50 కిలోల బస్తాలో 23 కిలోల భాస్వర ఆమ్లం, అంటే మూలక రూపంలో సుమారు 10 కిలోల భాస్వరం ఉంటుంది. ఎకరం మడిలో 5 సెంటీమీటర్ల లోతున నిలిచిన నీరు సుమారు 2 లక్షల లీటర్లు. నాట్లు వేసిన తరువాత ఆ నీటిపై డీఏపీ చల్లినప్పుడు అధిక భాగాన్ని బురద పట్టుకుంటుంది. నూటికి ఒక వంతు మాత్రమే నీటిలో మిగిలిందని అనుకున్నా, లీటరుకు 0.5 మిల్లీగ్రాముల భాస్వరం ఉన్నట్లు. చెరువులలో మొత్తం భాస్వరం లీటరుకు 0.035 మిల్లీగ్రాములు దాటితేనే ఆ నీటిని పోషకాలు మితిమీరిన నీటిగా పరిగణిస్తారు. ఇక్కడ ఉన్నది దానికి 14 రెట్లు.

అదే బస్తాను ఆఖరి దమ్ములో వేసి మట్టిలో కలిపితే పైరుకు అందే భాస్వరం తగ్గదు, నీటిలో తేలేది మాత్రం తగ్గుతుంది. కాలిఫోర్నియా వరి పొలాలలో జరిపి 2012లో ప్రచురించిన అధ్యయనం ఈ సూత్రాన్ని నిర్ధారించింది. భాస్వరాన్ని మట్టిలో కలిపినా, వేయడాన్ని కొన్ని వారాలు వాయిదా వేసినా నాచు తగ్గినట్లు అక్కడ గమనించారు. అక్కడ విత్తనాన్ని నేరుగా నీటిలో చల్లుతారు. ఇక్కడ నారు నాటుతారు. పద్ధతి వేరైనా నీటి రసాయనం ఒకటే. అయితే నాటే వరికి తొలి దశలోనే భాస్వరం అవసరం కనుక ఇక్కడ వాయిదా కంటే దమ్ములో కలపడమే అనువైన మార్గం.

ఏళ్ళ తరబడి డీఏపీ, కాంప్లెక్స్ ఎరువులు వాడిన భూములలో భూసార పరీక్ష తప్పనిసరి. లభ్య భాస్వరం ఎక్కువ స్థాయిలో ఉన్నట్లు తేలితే సిఫారసు చేసిన మోతాదులో 30 శాతం తగ్గించవచ్చు. దీనివల్ల మరొక మేలు కూడా ఉంది. సున్నం ఉన్న నల్లరేగడిలో జింకు లభ్యత సహజంగానే తక్కువ. అధిక భాస్వరం ఆ లోపాన్ని మరింత పెంచుతుంది. నాచు పట్టిన మడిలోనే ఆకులపై తుప్పు మచ్చలు, గిడసబారిన దుబ్బులు కనిపిస్తే రెంటికీ మూలం ఒకటే కావచ్చునని అనుమానించాలి.

మైలుతుత్తం: పని, పరిమితి

నీటి వనరులలో నాచును రాగితో అదుపు చేయవచ్చని అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన జార్జ్ మూర్, కార్ల్ కెల్లర్‌మన్ 1904లో ప్రకటించారు. నీటిలో కరిగిన రాగి అయాన్లు నాచు కణాలలో ప్రవేశించి కిరణజన్య సంయోగక్రియను, ఎంజైముల పనిని దెబ్బతీస్తాయి. ఇక్కడ కీలకమైన మాట కరిగిన అన్నది. క్షారత్వం గల నీటిలో రాగి కార్బొనేటు, హైడ్రాక్సైడు రూపాలలోకి మారి అడుగుకు దిగిపోతుంది. అడుగున చేరిన రాగి పైన తేలే నాచును ఏమీ చేయలేదు.

చేపల చెరువుల యాజమాన్యంలో దీనికి ఒక సులభ సూత్రం ఉంది. నీటి మొత్తం క్షారత్వాన్ని లీటరుకు మిల్లీగ్రాములలో కొలిచి వందతో భాగిస్తే, లీటరుకు వాడదగిన మైలుతుత్తం మిల్లీగ్రాములు వస్తాయి. క్షారత్వం 50 కంటే తక్కువ ఉంటే చేపలకు ప్రమాదం కనుక వాడరాదు. 250 దాటితే రాగి నిలువదు కనుక వాడి ప్రయోజనం లేదు. క్షారత్వం తెలియకుండా మోతాదు చెప్పడం రోగి బరువు తెలియకుండా మందు రాయడం వంటిది.

వరి మడికి వాడుకలో ఉన్న ఎకరాకు 2 కిలోల మోతాదు 5 సెంటీమీటర్ల నీటిలో లీటరుకు సుమారు 10 మిల్లీగ్రాముల మైలుతుత్తానికి, అంటే 2.5 మిల్లీగ్రాముల రాగికి సమానం. నీటి లోతు 10 సెంటీమీటర్లు ఉంటే ఇది సగమవుతుంది. ఒకే మోతాదు ఒక మడిలో పనిచేసి పక్క మడిలో విఫలం కావడానికి ఇదొక కారణం. మైలుతుత్తాన్ని ఇసుకలో కలిపి చల్లడం కంటే గుడ్డ మూటలో కట్టి నీరు ప్రవేశించే చోట ఉంచడం మేలు. కరిగిన రాగి కొద్దికొద్దిగా నీటితో పాటు మడి అంతటా పారుతుంది.

మిగిలే రాగి మాటేమిటి? మైలుతుత్తంలో రాగి నాలుగవ వంతు. ప్రతిసారీ ఎకరాకు సుమారు అర కిలో రాగి నేలకు చేరుతుంది. ఎకరం పై పొర మట్టి బరువు సుమారు 9 లక్షల కిలోలు అనుకుంటే, ఒక్కొక్క విడత కిలో మట్టికి అర మిల్లీగ్రాముకు పైగా రాగిని కలుపుతుంది. ఇరవై విడతలకు అది 11 మిల్లీగ్రాములు దాటుతుంది. ఇందులో చాలా భాగం క్షార నేలలో బంధితమై ఉంటుంది కనుక పైరుకు తక్షణ హాని లేదు. కానీ నత్రజని, భాస్వరాల వలె ఇది ఖర్చయ్యేది కాదు, నేలలోనే పేరుకుంటుంది.

పంట కుంటలు: ఘనపరిమాణం, గొర్రెలు, చేపలు

పంట కుంటలో మొదటి తప్పు కొలతలో జరుగుతుంది. పైన 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు ఉన్న కుంటను నిటారు గోడల గదిగా లెక్కిస్తే 200 ఘనపు మీటర్లు వస్తుంది. గట్లు ఒకటికి ఒకటి వాలుగా ఉంటే అడుగు కొలత 6 మీటర్లకు తగ్గుతుంది. నిజమైన పరిమాణం 131 ఘనపు మీటర్లు మాత్రమే. క్షారత్వం 200 ఉన్న నీటికి లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున అవసరమైన మైలుతుత్తం 262 గ్రాములు. తప్పు లెక్క ప్రకారం 400 గ్రాములు పడుతుంది. వేసవిలో నీరు ఒక మీటరుకు దిగితే పరిమాణం సగం కాదు, 49 ఘనపు మీటర్లకు పడిపోతుంది. అప్పటి మోతాదు 100 గ్రాములకు మించరాదు. పిడికిళ్ళతో చల్లే అలవాటులో ఈ తేడాలకు తావు లేదు.

రెండవ తప్పు ప్రాణవాయువు విషయంలో జరుగుతుంది. కుంట అంతటినీ ఒకేసారి మందుతో కప్పితే చచ్చిన నాచు కుళ్ళుతూ నీటిలోని ఆక్సిజన్‌ను హరిస్తుంది. మరునాటి తెల్లవారుజామున చేపలు పైకి తేలతాయి. కుంటలో మూడవ వంతు లేదా సగానికి మాత్రమే ఎండ ఉన్న ఉదయం మందు వేసి, 10 నుండి 14 రోజుల తరువాత మిగతా భాగానికి వేయాలి. మందు వేసే ముందే తేలే నాచును గంపలతో, వలతో వీలైనంత తీసివేస్తే కుళ్ళే పదార్థం తగ్గుతుంది, మందు కూడా తక్కువ సరిపోతుంది.

మూడవది పశువుల భద్రత. మేపుకు వచ్చిన గొర్రెల మందలు పంట కుంటలలో నీరు తాగడం ఈ ప్రాంతంలో సర్వసాధారణం. పశువులలో రాగిని తట్టుకునే శక్తి అతి తక్కువగా ఉన్నది గొర్రెలకే. వాటి కాలేయంలో రాగి కొద్దికొద్దిగా పేరుకొని, ఒక దశలో ఒక్కసారిగా రక్తంలోకి విడుదలై ఎర్ర రక్తకణాలను పగులగొడుతుంది. కామెర్లు, ఎర్రని మూత్రం, హఠాత్తుగా మరణం దాని లక్షణాలు. మందు వేసిన రోజుకూ గొర్రె చనిపోయిన రోజుకూ మధ్య ఎడం ఉండడం వల్ల కారణాన్ని ఎవరూ కుంటకు ముడిపెట్టరు. గొర్రెలు తాగే కుంటలో మైలుతుత్తాన్ని పదేపదే వాడరాదు.

మైక్రోసిస్టిస్ పొర కట్టిన కుంటలో ప్రమాదం మరొక రకంగా ఉంటుంది. దాని కణాలలోని విషం కాలేయానికి హానికరం. మందుతో కణాలు పగిలినప్పుడు ఆ విషం ఒకేసారి నీటిలోకి విడుదలవుతుంది. అటువంటి నీటిని మందు వేయక ముందూ, వేసిన తరువాతా పశువులకు పట్టరాదు.

దీర్ఘకాలంలో కుంటకు మేలు చేసేవి వేరే పనులు. పేడ కుప్పల మీదుగా, ఎరువు చల్లిన చేల మీదుగా వచ్చే నీరు నేరుగా కుంటలో పడకుండా మళ్ళించి, నీరు చేరే దారిలో గడ్డి పట్టీ పెంచాలి. ఏటా ఎండినప్పుడు పూడిక తీసి చేనుకు తోలాలి. అడుగు మట్టిలో దాగిన భాస్వరం అలా బయటికి పోతుంది. వీలైన చోట నీడ వల కప్పితే వెలుతురుతో పాటు ఆవిరి నష్టం కూడా తగ్గుతుంది. గడ్డిచేపలు పోగు నాచును కొంత మేస్తాయి. కానీ తిన్నదానిలో చాలా భాగాన్ని విసర్జన రూపంలో నీటికే తిరిగి ఇస్తాయి. చేపను పట్టి బయటికి తీసినప్పుడే పోషకం కుంటను విడిచినట్లు.

బిందు సేద్యంలో నాచు

కుంట నీటిని బిందు సేద్యానికి వాడేటప్పుడు నాచు మొదట ఫిల్టరును, ఆపై డ్రిప్పర్లను మూస్తుంది. ఇక్కడ జాలీ ఫిల్టరు ఒక్కటే చాలదు. దానికి ముందు ఇసుక ఫిల్టరు అవసరం. ఫుట్‌వాల్వును అడుగు బురదకు, పై పొర నాచుకు దూరంగా నడుమ లోతులో తేలేలా అమర్చాలి. నల్లని పైపులలో వెలుతురు లేనందున నాచు పెరగదు. కుంట నుండి వచ్చిన నాచు ముక్కలపై బాక్టీరియా జిగురు పెరిగి రంధ్రాలను మూస్తుంది.

దీనికి క్లోరిన్ శుద్ధి చేస్తారు. విడతలుగా చేసేటప్పుడు లీటరుకు 10 నుండి 20 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండేలా అర గంట నుండి గంట సేపు పంపి, తరువాత చివరి మూతలు తెరచి కడగాలి. ఇక్కడ కూడా క్షారత్వం అడ్డు వస్తుంది. ఉదజని సూచిక 7.5 వద్ద క్లోరిన్‌లో సగం క్రిమిసంహారక రూపంలో ఉంటే, 8.5 వద్ద పదవ వంతు మాత్రమే ఉంటుంది. కఠిన జలంలో బ్లీచింగ్ పౌడరులోని కాల్షియం పైపులలో సున్నంగా పేరుకోవచ్చు కనుక సోడియం హైపోక్లోరైటు ద్రావణం మేలు. సున్నం తొలగించడానికి ఆమ్ల శుద్ధి కూడా చేస్తారు. ఆమ్లాన్ని, క్లోరిన్ ద్రావణాన్ని ఏ పరిస్థితిలోనూ ఒకే పాత్రలో కలపరాదు. వెలువడే క్లోరిన్ వాయువు ప్రాణాంతకం. రెంటినీ వేర్వేరు రోజులలో వాడడం క్షేమకరం.

వరిలో సిఫారసు చేయదగిన క్రమం

1. నాచు రకాన్ని గుర్తించి, అది పైరును కప్పుతున్నదా లేక మడి మూలలకే పరిమితమా అన్నది చూడాలి. దుబ్బులు కలుసుకొని నీడ పడిన తరువాత నాచు తనంత తానే తగ్గుతుంది. ఆ దశలో మందు అనవసరం.

2. భూసార పరీక్ష ఆధారంగా భాస్వరం మోతాదు నిర్ణయించి, మొత్తాన్ని ఆఖరి దమ్ములోనే వేసి మట్టిలో కలపాలి. నాట్ల తరువాత నిలువ నీటిపై డీఏపీ చల్లరాదు.

3. యూరియాను నీరు తీసివేసి బురద పదునులో వేసి, 36 నుండి 48 గంటల తరువాత పలుచగా నీరు పెట్టాలి.

4. తేలే నాచును గాలి ఒక మూలకు చేర్చిన సమయం చూసి పలుగొర్రుతో లాగి గట్టుకు దూరంగా వేయాలి. పేడతో కలిపి కంపోస్టు చేసుకోవచ్చు. గట్టు మీదే వదిలితే వానకు అందులోని పోషకాలు తిరిగి మడిలో చేరతాయి.

5. నీటి సరఫరాకు హామీ ఉన్న చోట రెండు మూడు రోజులు మడి ఆరగట్టాలి. నల్లరేగడిలో నెర్రెలు రాకముందే తిరిగి నీరు పెట్టాలి. నెర్రెలు పడితే తరువాత పెట్టిన నీరు కిందికి జారిపోతుంది.

6. ఇవన్నీ చేసినా పైరు కప్పుకుపోతుంటే, ఉన్న నీటిని 5 సెంటీమీటర్లకు తగ్గించి, ఎకరాకు 2 కిలోలకు మించకుండా మైలుతుత్తం ఒక్కసారి వాడాలి. మందు ఉన్న నీటిని కింది మడికి గాని, చేపల కుంటకు గాని వదలరాదు.

ఐదవ అంశం విషయంలో విస్తరణ శాస్త్రవేత్త ఒక ప్రశ్న తప్పక వేసుకోవాలి. కాలువ మొదట్లో ఉన్న రైతుకు మడి ఆరగట్టడం ఖర్చు లేని వైద్యం. ఆయకట్టు చివరి రైతుకు అదే సలహా పంటను పణంగా పెట్టమనడమే. ఒకసారి వదిలేసిన నీరు మళ్ళీ ఎప్పుడు వస్తుందో అతనికి తెలియదు. అతడు మైలుతుత్తం వైపు మొగ్గడం అజ్ఞానం వల్ల కాదు, నీటి మీద నమ్మకం లేకపోవడం వల్ల. అటువంటి మడిలో రెండవ, మూడవ, నాలుగవ అంశాలకే ప్రాధాన్యం ఇవ్వాలి. అవి నీటిని ఖర్చు చేయవు.

ముగింపు

నాచును కలుపు మొక్కగా చూసినంత కాలం దానికి కలుపు మందే జవాబుగా తోస్తుంది. దానిని నీటి ఖాతా పుస్తకంగా చూస్తే జవాబు మారుతుంది. ఎంత భాస్వరం మట్టికి చేరక నీటిలో మిగిలిందో, ఎంత యూరియా గాలిలో కలిసిందో, పై పొలాల నుండి ఏమి కొట్టుకు వచ్చిందో ఆ పుస్తకంలో పచ్చగా రాసి ఉంటుంది. మైలుతుత్తం ఆ పుటను చెరుపుతుంది గాని అప్పును తీర్చదు.

1906 నుండి పరిశోధనలు సాగుతున్న నంద్యాల వంటి కేంద్రం పరిధిలో విద్యార్థులు చేపట్టదగిన పని ఒకటి ఉంది. కాలువ మొదలు, నడుమ, చివర ఉన్న మడులను ఎంచుకొని, నాట్ల నుండి ఆరు వారాల పాటు నీటి క్షారత్వం, కరిగిన భాస్వరం, ఉదయ మధ్యాహ్నాల ఉదజని సూచిక, నాచు రకం, తడి బరువు నమోదు చేయాలి. సగం మడులలో డీఏపీ దమ్ములో, మిగతా సగంలో రైతు అలవాటు ప్రకారం పడాలి. దీనికి కావలసినవి ఒక పి.హెచ్. మీటరు, కొన్ని సీసాలు, ఒక త్రాసు, ప్రయోగశాలలో భాస్వరం, క్షారత్వ పరీక్షలు. ఆ పట్టిక చేతికి వచ్చిన నాడు, పాచికి మందు అడిగిన రైతుకు అతని సొంత కాలువ నీటి లెక్కతోనే సమాధానం చెప్పగలుగుతాము.